గుహారొయ్యల వర్గీకరణ: రూపసామ్యం, జాతిభేదం

భూగర్భ జలాలలో నివసించే జీవులను వర్గీకరించడంలో తొలి చిక్కు వాటి రూపసామ్యమే. తరతరాలుగా చీకటిలో జీవించిన చేపలు, రొయ్యలు కూడా చూపును, వర్ణాన్ని కోల్పోతాయి. కనుక అంధత్వం, వర్ణరాహిత్యం ఆవాసాన్ని సూచిస్తాయే గాని బంధుత్వాన్ని నిరూపించవు.

అమెరికాలోని పాలీమోనియాస్ ప్రజాతి ఇందుకు నిదర్శనం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో లభించిన మంచినీటి రొయ్యకు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో హే అనే శాస్త్రవేత్త పాలీమోనియాస్ గాంటెరి అని నామకరణం చేశాడు. అలబామా రాష్ట్రంలోని షెల్టా గుహారొయ్యను 1961లో స్మాలీ పాలీమోనియాస్ అలబామే అనే వేరొక జాతిగా వర్ణించాడు. రెండూ పారదర్శకాలే, చూపులేనివే. ముందు రెండు జతల కాళ్ల కొండెలపై ఉండే వెంట్రుకల కుచ్చులు వాటిని ఏటిడే కుటుంబంలో చేరుస్తాయి. జాతిభేదం మాత్రం సూక్ష్మమైనది: అలబామా రొయ్య పరిమాణంలో చిన్నది, దాని తలముందరి ముల్లు పొట్టిది, ఆ ముల్లు పైఅంచున పళ్లు తక్కువ.

ఈ భేదాలు స్వల్పమే అయినా వాటి ఫలితం స్వల్పం కాదు. రెండింటినీ ఒకే జాతిగా పరిగణిస్తే, ఒకచోట అంతరించినా మరొకచోట మిగిలే ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. వేరు జాతులుగా గుర్తించినందువల్లనే కెంటకీ రొయ్య 1983లో, అలబామా రొయ్య 1988లో అంతరించే ప్రమాదమున్న జీవుల ప్రభుత్వ జాబితాలో విడివిడిగా చేరాయి.

అయితే జాతి నిర్ధారణకు నమూనా ప్రాణులను సేకరించక తప్పదు. అత్యల్ప సంఖ్యలో ఉన్న జీవికి ఆ సేకరణ కూడా నష్టమే. అందుచేత ఎన్నింటిని పట్టాలన్నది ఏ జాతి అన్న ప్రశ్నతో సమానంగా ఆలోచించదగినది.