నిమిషానికోసారి లేచే గుమాస్తా

రాత్రి రెండున్నర. ఆఫీసుకు తాళం పడి చాలాసేపైంది. లోపల ఓ మూలనున్న లైనక్స్ సర్వర్ మాత్రం ఆ వారం లెక్కలన్నింటికీ నకలు తీసి మరో డిస్కులో భద్రపరుస్తోంది. మీట నొక్కినవారెవరూ లేరు. మరి ఆ పని చేయిస్తున్నదెవరు?

దాని పేరు క్రాన్! అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారైన యూనిక్స్‌లో 1970ల్లోనే ఉంది. కాలం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ తర్వాత లైనక్స్‌లోనూ స్థిరపడింది.

దాని పద్ధతి తేలికే. నిమిషానికోసారి లేచి 'క్రాన్‌టాబ్' అనే చిట్టా చూస్తుంది. పనుంటే మొదలుపెడుతుంది. లేదంటే మళ్లీ కునుకు. చిట్టాలో ఒక్కో పనికి ఒక్కో వరుస. అందులో ముందు ఐదు అంకెలు... నిమిషం, గంట, తేదీ, నెల, వారం. తర్వాత చేయాల్సిన పని. అంకె బదులు నక్షత్రం గుర్తు పెడితే 'ఏదైనా సరే' అని. ఆదివారం అంకె సున్నా. '30 2 * * 0' అని రాస్తే ప్రతి ఆదివారం తెల్లవారుజామున రెండున్నరకు పని మొదలవుతుందన్నమాట.

చెప్పినంతే!

క్రాన్ చెప్పింది చేస్తుంది, చెప్పనిది ఊహించదు. ఆ వేళకు కంప్యూటర్ ఆపేసి ఉంటే ఆ వారానికి పని లేనట్టే. తప్పిపోయినదాన్ని తర్వాతైనా చేయించాలంటే 'అనాక్రాన్' గానీ, కొత్త లైనక్స్‌లలోని 'సిస్టమ్‌డీ టైమర్' గానీ కావాలి. మనం నడిపితే చక్కగా నడిచిన ప్రోగ్రాం క్రాన్ చేతిలో మొరాయించడమూ మామూలే. ఏ ప్రోగ్రాం ఏ ఫోల్డర్లో ఉందో దానికి పెద్దగా తెలియదు. అందుకే పూర్తి దారి రాసివ్వాలి.

తప్పు జరిగితే మెయిల్ పంపే ఏర్పాటూ ఉంది. ఆ మెయిలే చేరకపోతే?

2017 జనవరి 31న అదే జరిగింది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ డాట్‌కామ్‌లో ఓ ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరొకదానిలో, అంటే అసలు డేటాబేస్‌లోనే ఫైళ్లు తుడిచేశారు. రోజూ తీసే బ్యాకప్ ఉందిగా అని వెతికితే... అక్కడ ఏమీ లేదు! డేటాబేస్ వెర్షన్ 9.6, నకలు తీసే ప్రోగ్రాం వెర్షన్ 9.2. రెండూ పొసగక ఆ పని విఫలమవుతూ వచ్చింది. క్రాన్ మెయిళ్లు పంపింది. కానీ అవి తిరస్కరణకు గురై ఎవరి కంటా పడలేదు. చివరికి ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన నకలే ఆదుకుంది. కోడ్ భద్రంగానే ఉన్నా, ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌లో చేరిన సమాచారం పోయింది. ఈ సంగతులన్నీ ఆ సంస్థే దాచకుండా చెప్పింది.

కాబట్టి నకలు తీయించడం సగం పనే. అప్పుడప్పుడూ దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. పని పూర్తయిన ప్రతిసారీ కబురొచ్చేలా పెట్టుకుంటే, కబురు రానిరోజు అనుమానం వస్తుంది. గుమాస్తాకు పని అప్పగించొచ్చు... లెక్క సరిచూసుకోవాల్సింది మాత్రం యజమానే!