అప్‌గ్రేడ్‌కి అంతెక్కడ బాస్?

‘అన్నా, కొత్త మానిటర్ తీసుకున్నా. ఇప్పుడేమో గ్రాఫిక్స్ కార్డు చాలట్లేదు. ఏది కొనను?’ వారానికోసారైనా నా వాట్సాప్‌లో ఇలాంటి మెసేజ్ వచ్చి పడుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపులన్నీ తిరిగి నలుగురికి గేమింగ్ పీసీలు అసెంబుల్ చేయించిన పుణ్యం ఇది. ఈ మధ్య జవాబు చెప్పే ముందు నేనో ఎదురు ప్రశ్న వేస్తున్నా. ‘పోయిన నెలలో ఏ గేమ్ ఆడావ్ తమ్ముడూ?’

చాలామంది దగ్గర దీనికి సమాధానం ఉండదు. బెంచ్‌మార్క్ స్కోరు అడగండి, టక్కున చెప్తారు.

హాబీ అన్నాక ఖర్చు ఉంటుంది. బైకులకి పెట్టేవాళ్లున్నారు, షూలకి పెట్టేవాళ్లున్నారు. అందులో తప్పేం లేదు. కానీ నాకు తెలిసిన ఒక కుర్రాడి సంగతి వినండి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ముందు 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాడు. దానికి తగ్గ ఫ్రేములు రావట్లేదని గ్రాఫిక్స్ కార్డు మార్చాడు. ఆ కార్డుకి పాత ఎస్‌ఎంపీఎస్ పవర్ చాలలేదు. కార్డు పొడుగెక్కువై క్యాబినెట్‌లో పట్టలేదు. అవీ మారాయి. రెండు ఈఎంఐలు నడుస్తుండగా, ప్రాసెసర్ కోసం మూడోది తీసుకుందామని నాకు ఫోన్ చేశాడు. ‘ఈ నెల ఇంటికి పంపేది కొంచెం తగ్గించా అన్నా, అమ్మకి కారణం చెప్పలేదు’ అన్నాడు. అక్కడ నాకు గుండె కలుక్కుమంది.

గోచీ కోసం సంసారం

ఈ కథ మన పెద్దవాళ్లకి ఎప్పుడో తెలుసు. ఒక సన్యాసి గోచీని ఎలుక కొరికేసింది. ఎలుక కోసం పిల్లిని తెచ్చాడు. పిల్లికి పాలు కావాలని ఆవుని తెచ్చాడు. ఆవుకి గడ్డి కావాలని పొలం, పొలం చూసుకోడానికి మనిషి, ఆఖరికి పెళ్లి, పిల్లలు, సంసారం! ఇదంతా దేనికయ్యా అంటే గోచీని కాపాడుకోడానికి.

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచ్ రచయిత దెనీ దిదెరోకీ ఇదే అనుభవం. ఎర్రటి కొత్త గౌను ఒకటి ఇంటికొచ్చాక గదిలోని కుర్చీ, బల్ల, గోడలకున్న బొమ్మలు అన్నీ వెలిసిపోయినట్టు కనిపించాయట. ఒక్కోటీ మార్చుకుంటూ పోయి, పాత గౌనే నయమని ఒక వ్యాసం రాసుకున్నాడు. గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త 1988లో దీనికి ‘దిదెరో ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు.

గేమింగ్ పీసీ అయితే అచ్చం ఈ కథ కోసమే పుట్టినట్టు ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, మానిటర్ అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. వాటిలో ఏదో ఒకటి మిగతావాటికంటే నెమ్మదిగా ఉంటుంది. దాన్నే గేమర్లు బాటిల్‌నెక్ అంటారు. దాన్ని మార్చగానే ఆ స్థానంలోకి ఇంకోటి వస్తుంది. అంటే బాటిల్‌నెక్ పోదు, చోటు మారుతుంది అంతే. ‘నా పీసీలో బాటిల్‌నెక్ ఉండకూడదు’ అని పంతం పట్టినవాడి పర్సు ఎప్పటికీ నిండదు.

లెక్క చూద్దామా?

60 హెర్ట్జ్ మానిటర్ ఒక్కో ఫ్రేముని దాదాపు 16.7 మిల్లీసెకన్లు చూపిస్తుంది. 144 హెర్ట్జ్‌లో అది 6.9. అంటే దాదాపు 10 మిల్లీసెకన్లు తగ్గింది. ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది, మౌస్ కదిపితేనే అర్థమైపోతుంది. 144 నుంచి 240కి వెళ్తే తగ్గేది 2.8 మిల్లీసెకన్లు. 240 నుంచి 360కి వెళ్తే 1.4 మాత్రమే. లాభం ఇలా చిక్కిపోతుంటే బిల్లు మాత్రం లావెక్కుతుంటుంది. ఎందుకంటే మానిటర్ ఒక్కటే సరిపోదు, అన్ని ఫ్రేములు ఇచ్చే కార్డూ ప్రాసెసరూ కూడా కావాలి. టోర్నమెంట్లు ఆడేవాళ్లకి ఆ కాస్త తేడా పనికొస్తుందేమో. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి రెండు మ్యాచులు ఆడుకునే మనకి?

కరెంటు సంగతీ చూడండి. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 కార్డు రేటింగ్ 120 వాట్లు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు! మే నెల హైదరాబాద్‌లో ఆ వేడంతా మీ గదిలోకే వస్తుంది.

కొత్తొక వింత, పాతొక రోత

తెలిసి కూడా ఆగలేకపోవడం ఎందుకు? నాకూ కొత్త కార్డు లాంచ్ వీడియో కనిపిస్తే చెయ్యి దానంతటదే నొక్కేస్తుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఒక విషయం తేలింది. సిగ్నల్ వచ్చాక పళ్లరసం దొరుకుతుందని కోతికి అలవాటయ్యాక, మెదడులోని డోపమిన్ కణాలు రసం తాగినప్పుడు కాదు, సిగ్నల్ కనిపించినప్పుడే చురుగ్గా స్పందించాయి. మన భాషలో చెప్పాలంటే, మజా డబ్బా విప్పడంలోకంటే ‘అవుట్ ఫర్ డెలివరీ’ మెసేజ్‌లోనే ఎక్కువ!

ఇక డబ్బా విప్పాక కొత్తదనం ఎన్నాళ్లుంటుంది? బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే మనస్తత్వవేత్తలు 1971లో దీన్ని ట్రెడ్‌మిల్‌తో పోల్చారు. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాం. పది రోజులకి 140 ఫ్రేములు మామూలైపోతాయి. అప్పుడు 118 కనిపిస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. గేమ్‌లో ఎదురుగా వస్తున్న శత్రువుని వదిలేసి, స్క్రీన్ మూలనున్న అంకెని చూస్తూ చచ్చిపోయేవాళ్లని నేను కళ్లారా చూశాను.

దీనికి తోడు మార్కెట్ క్యాలెండర్. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ 2018లో, 30 సిరీస్ 2020లో, 40 సిరీస్ 2022లో, 50 సిరీస్ 2025లో వచ్చాయి. రెండేళ్లకో, కొంచెం అటూ ఇటుగానో మీ కార్డు ‘పాతది’ అయిపోతుంది. నిజానికి అది నిన్న ఎలా ఆడిందో ఇవాళా అలాగే ఆడుతుంది.

‘ఇప్పుడు కొనకపోతే ఇంకా పెరుగుతుందేమో’ అనే భయం ఒకటి. ఇది పూర్తిగా ఉత్తి భయం కాదు. క్రిప్టో మైనింగ్ జోరులో 2021లో కార్డులు దొరకలేదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎగిరిపోయాయి. కానీ 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ పద్ధతికే స్వస్తి చెప్పాక, అవే కార్డులు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి వచ్చి పడ్డాయి. ధర పెరుగుతోందన్నది ఒక విషయం, మనకి అవసరముందా అన్నది ఇంకో విషయం. ఈ రెంటినీ కలిపితేనే చిక్కు.

కార్డు పెట్టే ముందు... క్యాబినెట్ తెరవండి

పైన చెప్పిన కుర్రాడికి ప్రాసెసర్ పేరు చెప్పలేదు నేను. ‘ఆదివారం వస్తా, ఏం కొనకు’ అన్నా. వెళ్లి చూస్తే రెండు ర్యామ్ స్టిక్కులూ పక్కపక్క స్లాట్లలో ఉన్నాయి. రెండూ ఒకే చానెల్‌లో నడుస్తున్నాయి. మదర్‌బోర్డు మాన్యువల్‌లో చెప్పినట్టు ఒక స్లాట్ వదిలి పెట్టాం. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాం. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే, ఆ 144 హెర్ట్జ్ మానిటర్ ఇన్నాళ్లూ 60 దగ్గరే ఆగి ఉంది! మార్చాక ఒక మ్యాచ్ ఆడి నా వైపు చూశాడు. మూడో ఈఎంఐ ఊసే ఎత్తలేదు.

మీరూ ఇవి చూసుకోండి:

• ఫ్యాన్లలో దుమ్ము దులిపి, ఏళ్లయితే థర్మల్ పేస్ట్ మార్పించండి. వేడెక్కితే చిప్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది.

• గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు వాడకం దాదాపు వంద శాతం ఉంటే పరిమితి కార్డుది. అది ఖాళీగా ఉండి కూడా ఫ్రేములు రాకపోతే ప్రాసెసర్ వైపో, ర్యామ్ వైపో చూడాలి.

• సెట్టింగ్స్‌ని అల్ట్రా నుంచి హైకి దించండి. ఆడుతుంటే చాలా గేముల్లో తేడా పట్టుకోవడం కష్టం. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ ఉంటే వాడండి. ఎఫ్‌ఎస్‌ఆర్ పాత కార్డుల మీదా పనిచేస్తుంది.

• మీరు ఆడే గేమ్ ఏది అడుగుతోందో చూడండి. వాలరెంట్ లాంటిది విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లోనూ నడిచేలా తయారు చేశారు.

‘అందరి దగ్గరా కొత్త కార్డులే’ అనుకోకండి. స్టీమ్ సర్వేలో ఆ 2016 నాటి జీటీఎక్స్ 1060 ఏళ్ల తరబడి, 2022 చివరిదాకా మొదటి స్థానంలో ఉంది. లోకమంతా దాంతోనే ఆడుకుంది.

మరి ఎప్పుడు మార్చాలి?

రోజూ ఆడే గేమే మొరాయిస్తున్నప్పుడు. వీడియో ఎడిటింగో, బ్లెండరో చేస్తూ దాని మీదే నాలుగు రూపాయలు సంపాదిస్తున్నప్పుడు. అప్పుడు నిశ్చింతగా మార్చండి. అదీ ప్లాన్‌తో. 2017లో ఏఎండీ ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది, బయోస్ అప్‌డేట్‌తో 2022 నాటి రైజెన్ 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకోగలిగారు. ఒక్క ప్రాసెసర్ మార్చారు, గోచీ కథ మొదలవలేదు.

పాత కార్డుని అటక మీద పడేయకండి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ పోగైంది. సరిగ్గా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది అందులో పావు వంతు కూడా లేదు. అమ్మండి, లేదా ఇంట్లో చెల్లికో తమ్ముడికో ఇవ్వండి.

నా పద్ధతి ఒకటి చెప్తా. ఏదైనా పార్టు మీద మనసు పడితే ఫోన్ నోట్స్‌లో తేదీ వేసి రెండే ముక్కలు రాస్తా. ఏ గేమ్ కోసం? ఇప్పుడు ఏం ఇబ్బంది? రెండు జీతాలు దాటాక కూడా ఆ ఇబ్బంది అలాగే ఉంటే డబ్బులు దాచి కొంటా. ఈ లిస్టులో ఇప్పుడు తొమ్మిది పార్టులున్నాయి. ఏడింటికి ‘ఏ గేమ్ కోసం’ అన్నచోట ఖాళీయే!

సేల్‌లో కొని ఒక్కసారైనా తెరవని గేములు మీ లైబ్రరీలో ఎన్ని ఉన్నాయి? ఈ శనివారం వాటిలో ఒకటి తీయండి. ఫ్రేమ్ కౌంటర్ ఆపేయండి. ఎక్కడైనా నిజంగా ఆగితే, అప్పుడు సీటీసీకి వెళ్దాం.