వఱదలో మునిగిన కారు

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదట బుడమేటి వఱద విజయవాడలో సింగ్‌నగరము మొదలగు పేటలను ముంచినప్పుడు, ఎన్నియో యిండ్లముంగిట కార్లు నీట నానెను. అట్టి కారును బాగుచేయించుటయా, విడిభాగములుగా నమ్మివేయుటయా యనునది మగవారికే విడువదగిన ప్రశ్న యని మేము తలపము. ఆ వ్యయమునకై తాకట్టునకు పోవునది తఱచుగా నిల్లాలి బంగారమే కదా!

సోదరీమణులారా, మొదట ఇంజనును నడపనీయకుడు. నీరు గాలివలె అణగదు. లోపల నీరున్నచో పిస్టను కడ్డీ వంగును. బ్యాటరీ తీగను విప్పించి, బీమావారికి తెలుపవలెను. పిమ్మట నీరు నిలిచిన గుర్తు చూడుడు. అడుగుననున్న చాప మాత్రమే తడిసినచో కారు తఱచు బాగుపడును. సీట్లను దాటి డాష్‌బోర్డు వఱకు మునిగినచో, తీగల కొనలు కొన్నినెలలకు చిలుమెక్కును; ప్రమాదమున బిడ్డలను కాపాడవలసిన ఎయిర్‌బ్యాగులను నమ్మరాదు. మరమ్మతువ్యయము బీమాపత్రమందలి విలువలో నూటికి 75 వంతులు మించినచో, బీమావారును దానిని పూర్తినష్టముగానే యెంతురు.

బీమా లేనివారికి తలుపులు, అద్దములు, చక్రములు విడిగా నమ్మిన కొంత సొమ్ము చేతికి వచ్చును. కారు ఇక పనికిరాదని 14 దినములలో రవాణాకార్యాలయమునకు తెలుపవలెనని 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము.

మరమ్మతుదారుని నోటిమాట చాలదు. వ్యయమెంతయో వ్రాయించి తీసికొని, చదివి చూచిన పిమ్మటనే నగలపెట్టె తెఱువుడని మా మనవి.