ఆగి ఆగి నడిచే ఇంజిన్: తప్పు సెన్సార్‌దేనా?

వేసవి ముదిరిందంటే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, దుబాయ్ అల్ ఖూజ్‌లో గ్యారేజీల ముందు రికవరీ బండ్ల సందడి పెరుగుతుంది. వాటి మీద వచ్చే కార్లలో కొన్ని వింతగా ఉంటాయి. రోడ్డు మీద మొరాయించిన కారు గ్యారేజీలో దించగానే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. డాక్టర్ గుమ్మం ఎక్కగానే పంటినొప్పి తగ్గినట్టన్నమాట!

ఇలాంటి కార్లతో చివరికి మాట పడేది మన హెల్పర్ సోదరులే. కంప్యూటర్ ఒక కోడ్ చూపిస్తుంది. సెన్సార్ మార్చి పంపుతారు. నాలుగు రోజులకు అదే కారు మళ్ళీ వస్తుంది. కస్టమర్ ఫోర్‌మన్ మీద, ఫోర్‌మన్ హెల్పర్ మీద కేకలు వేస్తారు. "నువ్వే సరిగ్గా బిగించలేదు" అంటారు. గ్యారేజీ ఆఫీసుల్లో జాబ్ కార్డులు రాసే గుమాస్తాలం మేము. ఒకే కారుకు మూడో కార్డు రాసేటప్పుడు ఆ నింద ఎవరి మీదికి పోతుందో రోజూ చూస్తున్నాం. ఈ నింద తప్పించుకునే దారి ఉంది. అదే ఈ వారం విషయం.

కోడ్ చెప్పేది ఎంత?

నిస్సాన్ 350జెడ్ స్పోర్ట్స్ కారునే తీసుకుందాం. 2002లో మార్కెట్లోకి వచ్చింది. 3.5 లీటర్ల వి6 ఇంజిన్. ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట క్రాంక్ సెన్సార్ ఉంటుంది. రెండు సిలిండర్ హెడ్ల వెనక చెరో కామ్ సెన్సార్ ఉంటుంది. ఏ సిలిండర్‌కు ఎప్పుడు పెట్రోలు వదలాలో, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో కంప్యూటర్ వీటి సిగ్నల్‌ను బట్టే లెక్క కడుతుంది. సిగ్నల్ తెగితే ఇంజిన్ ఆగిపోవచ్చు.

క్రాంక్ సెన్సార్‌కు పి0335, కామ్ సెన్సార్లకు పి0340, పి0345 కోడ్లు వస్తాయి. పి0335 వచ్చిందంటే సెన్సార్ పోయిందని అర్థం కాదు. ఆ సర్క్యూట్ నుంచి సిగ్నల్ సరిగ్గా అందలేదని మాత్రమే అర్థం. ఆ సర్క్యూట్‌లో సెన్సార్‌తో పాటు కనెక్టర్, కరెంటు వైరు, ఎర్త్ వైరు, సిగ్నల్ వైరు ఉన్నాయి. ఇంట్లో లైటు వెలగకపోతే బల్బు ఒక్కటే చూసి ఊరుకుంటామా? ఫ్యూజు, స్విచ్, వైరు కూడా చూస్తాం కదా!

ముందు 'ఎప్పుడు' అని అడగండి

స్కానర్ తగిలించే ముందే కస్టమర్‌ను అడగాలి. ఇంజిన్ వేడెక్కాక ఆగుతుందా? స్పీడ్ బ్రేకర్ మీద ఆగుతుందా? కారు కడిగాక ఆగుతుందా? మళ్ళీ ఎంతసేపటికి స్టార్ట్ అవుతుంది?

వేడికి ఆగి, చల్లారాక నడిస్తే సెన్సార్ లోపలి భాగాలనో, వేడికి దెబ్బతిన్న వైరునో అనుమానించాలి. కుదుపులకు ఆగితే లూజు కనెక్టర్, తెగబోతున్న వైరు, ఎర్త్ బోల్టు చూడాలి. కడిగాక వస్తే కనెక్టర్‌లో నీరు చేరిందేమో చూడాలి. "ఇంజిన్ ప్రాబ్లమ్" అని రెండు ముక్కలు రాసిన జాబ్ కార్డు వల్ల ఉపయోగం లేదు. "అరగంట నడిచాక ఆగింది, ఇరవై నిమిషాలకు స్టార్ట్ అయింది" అని రాస్తే సగం పని అయినట్టే.

ఒక కారు కథ

2023 జులైలో మాలో ఒకరు పనిచేసే గ్యారేజీకి ఒక 350జెడ్ వచ్చింది. అరగంట నడిచాక సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. అప్పటికే వేరేచోట క్రాంక్ సెన్సార్ రెండుసార్లు మార్చారు. మన జగిత్యాల ఎలక్ట్రీషియన్ మూడోది తెప్పించలేదు. ఏసీ వేసి, ఇంజిన్ ఆగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు.

ఆగగానే సెల్ఫ్ కొడుతూ స్కానర్ చూశాడు. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా. అంటే కంప్యూటర్‌కు క్రాంక్ సిగ్నల్ అందడం లేదు. కనెక్టర్ తగిలి ఉండగానే వెనక నుంచి సన్నటి పిన్ను పెట్టి మీటరుతో చూశాడు. 12 వోల్టులు ఉండాల్సిన కరెంటు వైరులో 4 కూడా లేవు. వైరు కదిపితే 12 వస్తుంది, వదిలితే పడిపోతుంది. క్లిప్పు ఊడి, వైరు సైలెన్సర్ పైపు పక్కకు జారింది. పై తొడుగు మాడి, లోపలి పోగులు తెగి అరకొరగా తగులుతున్నాయి. కొత్త వైరు ముక్క అతికి, వేడి తట్టుకునే స్లీవు తొడిగి, క్లిప్పు పెట్టాడు. ఆ కారు మళ్ళీ ఆ కంప్లయింట్‌తో రాలేదు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే అలా అరకొరగా తగిలే పోగుల్లోంచే 12 వోల్టులు కనబడి మోసం చేయవచ్చు. లోడు ఉన్నప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

గుర్తుంచుకోవాల్సినవి

* కోడ్ రాసుకోకుండా చెరపవద్దు, బ్యాటరీ తీయవద్దు. తప్పు జరిగినప్పటి వేడి, స్పీడు వివరాలు 'ఫ్రీజ్ ఫ్రేమ్'లో ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి.
* ముందు బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపినప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తుండగా 13.5 నుంచి 14.5 దాకా సాధారణం.
* ఎర్త్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.1 వోల్టు మించి కనిపిస్తే ఎర్త్‌ను అనుమానించండి.
* రెండు కామ్ సెన్సార్ల పార్ట్ నంబరు ఒకటే అయితే అటూ ఇటూ మార్చి చూడండి. పి0340 కాస్తా పి0345 అయితే తప్పు సెన్సార్‌దే. కోడ్ మారకపోతే వైరింగ్ వెతకండి.
* సెన్సార్ వేడికే పోతోందా అని చూడాలంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ చాలు. లైటర్ మంట వద్దు.
* కనెక్టర్ ముందు నుంచి లావుపాటి ప్రోబ్ గుచ్చితే లోపలి పిన్ను వదులై కొత్త తప్పు పుడుతుంది.
* వేడి ఇంజిన్‌లో ఫ్యాను దానంతటదే తిరగొచ్చు. చెయ్యి జాగ్రత్త. లైసెన్సు లేనివాళ్ళు ఎవరు చెప్పినా సరే కస్టమర్ కారును టెస్టుకని రోడ్డెక్కించవద్దు.

సెన్సార్ చెడిపోవడం ఉండదని కాదు. వేడికి అవీ పోతాయి. డూప్లికేట్ సరుకైతే కొత్తదీ పోతుంది. పరీక్ష చేసి తేలాకే మార్చాలన్నది మా మాట.

హెల్పర్ జీతానికీ ఆటో ఎలక్ట్రీషియన్ జీతానికీ ఉన్న తేడా క్యాంపులో అందరికీ తెలిసిందే. ఆ మెట్టు ఎక్కాలనుకునే తమ్ముళ్ళు ఒక చిన్న మీటరు, ఒక నోటుబుక్కు కొనుక్కోండి. వచ్చిన ప్రతి కారుకు ఏ కోడ్ వచ్చింది, ఎప్పుడు ఆగింది, ఎన్ని వోల్టులు ఉన్నాయి, చివరికి తప్పు ఎక్కడ దొరికింది అన్నవి తెలుగులోనే రాసుకోండి. రేపు ఫోర్‌మన్ "ఏం చేశావ్?" అని గద్దించినప్పుడు ఆ పేజీ తీసి చూపించండి. కొలిచి రాసిన అంకె ముందు నోటిమాట నిలవదు.