ఉల్క గీసిన గీత, చెదిరే ఎలక్ట్రాన్లు

వాయువు గుండా దూసుకుపోయే విద్యుదావేశ కణం తన దారి పొడవునా అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ పోతుంది. ఆ ఎలక్ట్రాన్ల గీతను పట్టుకుంటే కణం ఎటు నుంచి ఎటు వెళ్లిందో తెలుస్తుందన్నదే వాయువు నింపిన డిటెక్టర్లకు మూలసూత్రం. అయితే గీత గీతగా నిలవదు. తడి ఆరని వాకిట్లో వేసిన ముగ్గు అంచులు ఊరినట్టు, అణువులతో ఢీకొంటూ ఎలక్ట్రాన్లు పక్కలకు చెదిరిపోతాయి. దీన్నే వ్యాపనం అంటారు.

డిటెక్టర్‌లో విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను ఒక చివరకు లాగుతుంది. అక్కడ వాటిని అందుకునే టైమ్‌పిక్స్ వంటి చిప్పులో 256 వరుసలు, వరుసకు 256 గడులు ఉంటాయి; ఒక్కో గడి వెడల్పు 55 మైక్రోమీటర్లు, అంటే దాదాపు తలవెంట్రుకంత. గుంపు ఎన్ని గడుల మీద పరచుకుందో చూస్తే వ్యాపనం కొలతకు అందుతుంది. దూరం నాలుగింతలైతే వెడల్పు రెండింతలవుతుంది కాబట్టి, వెడల్పును బట్టి ఎలక్ట్రాన్లు ఎంత దూరం నుంచి వచ్చాయో వెనక్కి లెక్కకట్టవచ్చునని హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు పిక్సెల్ చిప్పుతో చేసి చూపారు. గీతను మసకబార్చే లోపంగా ఎంచిన వ్యాపనమే ఇలా సమాచారం కావడం ఈ రంగంలో అన్నింటికన్నా అందమైన మలుపు.

ఇదే వ్యాపనాన్ని తిరుపతిలో ఆకాశాన్నే డిటెక్టర్‌గా చేసుకుని కొలుస్తున్నారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2013 ఆగస్టులో నెలకొల్పిన ఉల్కా రాడార్ 35.25 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపుతుంది. సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున, గాలి పీడనం నేలమీది దానిలో ఐదు లక్షలవ వంతుకు పడిపోయే చోట, ఇసుక రేణువంతటి ఉల్క మండిపోతూ ఎలక్ట్రాన్ల జాడను వదులుతుంది. తరంగాలు దానికి తగిలి తిరిగి వస్తాయి. జాడ సన్నగా ఉన్నంతసేపు దానిలోని ఎలక్ట్రాన్లన్నీ ఒకే లయలో తరంగాన్ని వెనక్కి పంపుతాయి. అది వెడల్పయ్యేకొద్దీ ఈ అంచు నుంచి వచ్చిన తరంగమూ ఆ అంచు నుంచి వచ్చినదీ ఒకదాన్నొకటి రద్దు చేసుకోగా, సెకనులో పదో వంతు కాలంలోనే ప్రతిధ్వని సన్నగిల్లిపోతుంది. ఆ సన్నగిల్లే వేగమే వ్యాపనానికి కొలత. తరంగదైర్ఘ్యం తగ్గితే ఈ ఆయుష్షు ఇంకా తరుగుతుంది. 1024 యాంటెన్నాలున్న గాదంకి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ వద్ద, అంటే ఇంకా పొట్టి తరంగాలతో పనిచేస్తుంది గనుక, అదే జాడ దానికి సగం కాలమైనా కనబడదు.

ఒక్క తేడాను మాత్రం మరువరాదు. డిటెక్టర్‌లో విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను అయాన్ల నుంచి విడదీస్తుంది. ఉల్క జాడలోనైతే బరువైన ధన అయాన్లు తేలికైన ఎలక్ట్రాన్లను వదలక వెనక్కి లాగుతుండటంతో రెండూ కలిసే, నెమ్మదిగా పరచుకుంటాయి.

ఇలా పరచుకునే వేగం గాలి ఉష్ణోగ్రత, పీడనాల మీద ఆధారపడుతుంది. బెలూన్లు చేరలేని, ఉపగ్రహాలు నిలవలేని ఆ ఎత్తున, మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉండే చలిని నేల మీద నుంచి రేయింబవళ్లు అంచనా కట్టడానికి ఇది గొప్ప ఆసరా. అయితే 85 కిలోమీటర్లకు దిగువన రసాయన చర్యలు ఎలక్ట్రాన్లను మింగి జాడను ముందే చెరిపేస్తాయి, 95 కిలోమీటర్లు దాటాక భూ అయస్కాంత క్షేత్రం వ్యాపనానికి అడ్డుపడుతుంది. అందువల్ల ఉష్ణోగ్రత లెక్కకు ఆ నడిమి పొర నుంచి వచ్చిన ప్రతిధ్వనులనే ఎక్కువగా నమ్ముకోవలసి వస్తుంది.