హెలికాప్టర్‌లో వయొలిన్, కిటికీలో రేడియో

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే ఇద్దరు వయొలిన్, ఒకరు వియోలా, ఒకరు చెల్లో పట్టుకుని, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ వాయించే కచేరీ. జర్మన్ స్వరకర్త కార్ల్‌హైన్జ్ స్టాక్‌హౌసెన్ ఆ నలుగురినీ నాలుగు హెలికాప్టర్లు ఎక్కించాడు! ఆ రచనను సాల్జ్‌బర్గ్ ఉత్సవం వాళ్లు అడిగి రాయించుకున్నారు కానీ కచేరీ అక్కడ జరగలేదు. చివరికి 1995 జూన్ 26న హాలండ్ ఫెస్టివల్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ ఆకాశంలో, ఆర్డిటి క్వార్టెట్ దాన్ని వాయించింది. ఒకరి వాద్యం మరొకరికి వినపడదు. హెడ్‌ఫోన్‌లో పడే టిక్కులే తాళం. మైకులు తీగల మోతనూ హెలికాప్టర్ రెక్కల దడదడనూ పట్టి కిందికి పంపితే, స్వరకర్త మిక్సర్ దగ్గర కూర్చుని వాటిని కలిపాడు. జనం నేల మీద టీవీ తెరల ముందు కూర్చుని చూశారు. వట్టి ఆర్భాటమని కొట్టిపారేసేవాళ్లు ఒక్కసారి రికార్డింగ్ వినాలి. రెక్కల హోరు ఎక్కడ ఆగిందో, కమాను వణుకు ఎక్కడ మొదలైందో తేల్చి చెప్పలేని చోట్లున్నాయి. ఈ రచనకు ప్రాణం అక్కడే ఉంది.

అసలు వాయిద్యకారులే లేని కచేరీ కూడా ఉంది. రొమేనియాలో పుట్టిన హంగరీ స్వరకర్త గ్యోర్గీ లిగెటి 100 మెట్రోనోమ్‌లకు, అంటే టిక్కుటిక్కుమంటూ తాళం కొట్టే యంత్రాలకు, ఒక రచన చేశాడు. కీ ఇచ్చి, ఒక్కొక్కదాన్ని ఒక్కో వేగానికి పెట్టి వదిలేస్తారు. మొదట రేకుల కప్పు మీద జడివాన. కొన్ని ఆగేకొద్దీ ఆ చప్పుళ్లలోంచి లయలు విడివిడిగా తేలతాయి. ఆఖరున ఒక్కటే మిగిలి కొట్టుకుంటుంది. 1963లో నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో, గౌడియామస్ సంగీత వారోత్సవం ముగింపున తొలిసారి వినిపించారు. టీవీలో రావాల్సిన ఆ కార్యక్రమాన్ని ఆపేసి ఫుట్‌బాల్ మ్యాచ్ వేశారు.

ఇరాన్‌లోని షిరాజ్ కళోత్సవం 1971లో ఏకంగా ప్రాచీన నగరం పర్సెపోలిస్ శిథిలాలనే వేదిక చేసుకుంది. స్వరకర్త యానిస్ జెనాకిస్ టేపు సంగీతం రాత్రివేళ ఆ రాళ్ల మధ్య స్పీకర్లలోంచి మోగుతుంటే, బడిపిల్లలు కాగడాలు పట్టుకుని కొండ మీద నడిచారు.

జర్మన్ కళాకారిణి క్రిస్టీనా కుబిష్‌కు వేదికతోనే పనిలేదు. తీగచుట్టలు అమర్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుని వీధుల్లో నడవమంటుంది. ఏటీఎం, ట్రామ్ తీగ, దుకాణం గుమ్మంలో దొంగల్ని పట్టే యంత్రం, ఇలా ప్రతిదాని చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రం చెవికి శబ్దమై వినిపిస్తుంది. ఒకటి గుయ్యిమంటే ఇంకొకటి లయగా కొట్టుకుంటుంది. మన ఊళ్లలో ఏ సెంటర్‌లోనైనా నిలబడి ఇలా వినాలని ఎంత ఆశగా ఉంటుందో!

ఆస్ట్రియాలోని లింజ్ నగరానిది ఇంకో తీరు. 1979లో ఆర్స్ ఎలక్ట్రానికా ఉత్సవం మొదలైనప్పుడు, డాన్యూబ్ ఒడ్డున పార్కులో స్పీకర్లు పెట్టి స్వరకర్త బ్రుక్నర్ ఎనిమిదో సింఫనీ వినిపించారు. అదే సమయానికి రేడియోలో కూడా ప్రసారం చేసి, ఇళ్లలో ఉన్నవాళ్లను తమ రేడియోలు కిటికీల్లో పెట్టమన్నారు. దానికి ‘ధ్వని మేఘం’ అని పేరు పెట్టారు. అదిప్పుడు ఏటా జరిగే నగర వేడుక.