రోడ్డు పక్క బోర్డు ఏం చెబుతుంది?

సెలవులకి ఇళ్ళకెళ్ళేటప్పుడు మనలో చాలామంది హైవే దాటాలి. మూడో తరగతి పిల్లలు కూడా రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని దాటుతారు. ఇది కోల్‌కతా నుంచి చెన్నై పోయే రోడ్డు. పెద్దవాళ్ళు ఇంకా ఐదో నంబరు రోడ్డంటారు గానీ, 2010లో నంబర్లు మార్చాక అది 16. మన మండలంలోని నిమ్మాడకు చెందిన ఎర్రన్నాయుడు గారు కేంద్ర మంత్రిగా చేసినవారు. 2012 నవంబరు 2న ఇదే రోడ్డు మీద రణస్థలం దగ్గర ఆయన కారు ఆయిల్ ట్యాంకరును ఢీకొని చనిపోయారు. కారులో ఉన్నవారికే అలాగైతే నడిచి దాటే మన సంగతేటి?

రోడ్డు బోర్డుల్లో నాకు నచ్చినది ఏమంటే, చదువు రానివాళ్ళకి కూడా అవి అర్థమవుతాయి. ఎర్ర అంచు ఉన్న మూడు మూలల బోర్డు "ముందు జాగ్రత్త" అంటుంది. మలుపు, బడి, పశువులు ఇలాంటివి అందులో బొమ్మలుగా ఉంటాయి. ఎర్ర అంచు గుండ్రంగా ఉండి లోపల అంకె ఉంటే అది హుకుం. అంతకు మించి పోతే జరిమానా. మా అయ్యకి అక్షరాలు రావు. నేను మట్టిలో బొమ్మ గీసి చూపిస్తే, "గురుతు తెలిస్తే సాలదేటే, సదువెందుకు?" అని నవ్వాడు. (చదువు కూడా కావాలని నేనన్నాను.)

ఇప్పుడు వేగం లెక్క. 4 లైన్ల హైవేల మీద కార్లకి 100 కిలోమీటర్ల వరకు పోవచ్చని 2018లో కేంద్రం చెప్పింది. 100 అంటే సెకనుకి ఇంచుమించు 28 మీటర్లు. డ్రైవరు మనల్ని చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడితే, ఆ సెకనులోనే కారు 28 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక కూడా వెంటనే ఆగదు. మన సైన్సు పాఠంలో గతిశక్తికి వేగం వర్గం ఉంది కదా. 50లో ఉన్న కారు బ్రేకు తొక్కాక 14 మీటర్లకి ఆగితే, 100లో ఉన్నది 56 మీటర్లకి గాని ఆగదు. వేగం రెట్టింపు, దూరం నాలుగు రెట్లు. అందుకే బోర్డుని బడి గేటు దగ్గర పెడితే లాభం లేదు, చాలా ముందుగానే పెట్టాలి.

రేకు బోర్డుని రోజూ చూసేవాళ్ళు కొన్నాళ్ళకి పట్టించుకోరు. అందుకని కొన్ని చోట్ల కరెంటు బోర్డులు పెడుతున్నారు. వచ్చే బండి వేగం ఎంతో బోర్డు మీద అంకెలు వెలుగుతాయి. దానిలో రాడార్ ఉంటుంది. అది పంపిన తరంగాలు బండికి తగిలి తిరిగొస్తాయి. బండి ఎదురొస్తుంటే అవి దగ్గర దగ్గరగా వస్తాయి, ఆ తేడా బట్టి వేగం తెలుస్తుంది. కోటబొమ్మాళి స్టేషన్లో ఆగకుండా పోయే రైలు కూత వినండి. మన వైపు వస్తున్నప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా ఉంటుంది. అదీ ఇదీ ఒకటే. 1842లో డాప్లర్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. తన వేగం తన కళ్ళ ముందే కనబడితే డ్రైవరుకి కాలు తగ్గించాలనిపిస్తుంది. బోర్డు దాటాక మళ్ళీ పెంచేవాళ్ళూ ఉంటారు, అది నిజం. అయినా మనం దాటే చోట తగ్గితే మనకి అదే పదివేలు.

మేం దాటే చోట బడి బొమ్మ బోర్డు ఒకటుంది, కానీ తుమ్మ కొమ్మలు సగం కప్పేశాయి. జాతీయ రహదారి సంగతులు చెప్పడానికి 1033 నంబరు ఉంది. కిలోమీటరు రాయి మీది అంకె చెబితే చోటు తేలిగ్గా తెలుస్తుంది. ఈసారి ఇంటికెళ్ళేటప్పుడు ఆ అంకె నోటుబుక్కులో రాసుకొస్తాను. ఫోను మాత్రం వార్డెన్ మేడమ్ గారే చెయ్యాలి.